మెతుకు పట్టి చూచు విద్య

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక్క మెతుకు పట్టి చూచిన చాలునని మన పెద్దలందురు. కుండ విషయమున నిది సత్యము. ఏలయన కుండలోని బియ్యమంతయు ఒక్క సెగకే ఉడుకును. ఊరి పొలములట్లు కావు. కాలువ క్రింది మడి వేరు, మెరక చేను వేరు. అచట ఏ మెతుకును పట్టవలెను? ఈ ప్రశ్నకు మన దేశమున సమాధానము వెదకిన విద్య యొక్క చరిత్రను మీకు మనవి చేసెదను.

బ్రిటిషు పరిపాలనలో గ్రామోద్యోగులు పంటను కంటితో చూచి, ఇన్ని అణాల పంటయని అంచనా వ్రాసెడివారు. పెక్కుచోట్ల శిస్తు తగ్గింపు దానినిబట్టియే జరుగుచుండెను. చూచువాడు మారిన లెక్కయు మారును. 1923-25 సంవత్సరములలో బీహారు-ఒరిస్సా రాష్ట్రమున హబ్బాక్ అను అధికారి, ఎవరి యిష్టమునకును తావీయక, చీట్లు వేసినట్లుగా స్థలములను నిర్ణయించి, అచటి వరిని కోయించి తూపించెను.

1931లో ప్రశాంత చంద్ర మహలనోబిసు కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటును స్థాపించెను. 1937 మొదలు ఆ సంస్థవారు వంగదేశమున జనపనార సాగు విస్తీర్ణమును ఈ మాదిరి పద్ధతిచే లెక్కించిరి. ఒకే ప్రాంతమునకు రెండు జట్లను వేరువేరుగా పంపి, వారి లెక్కలను సరిపోల్చుట ఆయన యేర్పరచిన కట్టుబాటు. రెండును కలియనిచో, లోపమెచటనో యున్నదని తెలియును. అనంతరము సుఖాత్మే అను శాస్త్రజ్ఞుడు మరియొక సంగతి చూపెను: కోతకు గుర్తించిన స్థలము మిక్కిలి చిన్నదైనచో, అంచుననున్న మొక్కలు లోపల చేరి, దిగుబడి ఉన్నదానికన్న హెచ్చుగా కనబడును.

ఇది పండితుల వినోదము కాదు. 1943 నాటి వంగ దుర్భిక్షమున లక్షలకొలది జనులు మరణించిరి. దానికి కారణములనేకములు, కాని దేశమున బియ్యమెంత యున్నదో చెప్పగల నమ్మదగిన లెక్క లేకుండుట వానిలో నొకటి.

ఆ సంస్థకు 1941లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివిన యువకుడొకడు శిక్షణకై వెళ్లెను. ఆయనయే కల్యంపూడి రాధాకృష్ణరావు. అచటనే దశాబ్దములు బోధించి, పరిశోధించి, ప్రపంచఖ్యాతి గాంచి, 2023లో నూటరెండేండ్ల వయస్సున కీర్తిశేషుడయ్యెను.

పొలములో పుట్టిన యీ విద్య కర్మాగారములకును ప్రాకెను. 1947-48లో అమెరికా దేశస్థుడు షూహార్టు ఆ సంస్థ పిలుపుపై వచ్చి, తయారైన ప్రతి వస్తువును పరీక్షింపక, కొన్నింటినే క్రమముగా పరీక్షించి యంత్రము తప్పు త్రోవ పట్టుటను ముందే కనిపెట్టు విధానమును బోధించెను. లెక్కలు పెరుగగా, 1956లో ఇంగ్లండునుండి గణనయంత్రమును తెప్పించిరి. మన దేశమున వాడుకకు వచ్చిన మొదటి కంప్యూటరు అదియే.

యంత్రమెంత గొప్పదైనను, పొలముగట్టున వ్రాసిన అంకె తప్పైనచో దానిని దిద్దజాలదు. నేటికిని పంటల బీమా నిర్ణయమునకై పంటకోత ప్రయోగములు జరుగుచున్నవి. కనుక పెద్దలగు మీకు నా విన్నపము: కోతకై వచ్చిన ఉద్యోగిని బాగుగ పండిన చేనికి గాని, ఎండిన చేనికి గాని మరలింపనీయకుడు. నిర్ణయమైన చేనినే కోయించి, మీ యెదుట తూపింపుడు. ఆ కొద్దిపాటి ధాన్యము ఊరందరి పక్షమున సాక్ష్యము చెప్పును.