కోలు – వసూలు

2020లో సాయంత్రం అయ్యేసరికి కరోనా బులెటిన్ కోసం కాచుకుని కూర్చునేవాళ్లం. కొత్త కేసులు, మరణాలు, ఆ పక్కనే రికవరీలు. కళ్లు చివరికి ఆ మాట మీదే నిలిచేవి. కొన్ని పత్రికలు 'కోలుకున్నవారు' అని వేసేవి, కొన్ని 'రికవరీ రేటు' అనేవి. మాటలు రెండయినా చెప్పేది ఒక్కటే గదా అనుకున్నాం.

ఆ ఏడాదే కెనడాలో ఈ రికవరీ అనే మాటే ఒక సర్కారీ భృతికి పేరయింది. లాక్‌డౌన్‌లో పని పోయినవాళ్లకు ఆ ప్రభుత్వం మొదట 'కెనడా ఎమర్జెన్సీ రెస్పాన్స్ బెనిఫిట్' ఇచ్చింది. జనం నోట అది 'సెర్బ్'. నాలుగు వారాలకు 2,000 డాలర్ల చొప్పున, గరిష్ఠంగా 28 వారాలు. ఏప్రిల్ 6న దరఖాస్తులు మొదలయ్యాయి. నేను అర్హుడినే అని మనిషి మాట ఇస్తే చాలు, రోజుల్లో డబ్బు ఖాతాలో పడేది. పరిశీలన తర్వాత చూసుకుందాం అన్నారు. ఇల్లు కాలుతున్నప్పుడు బిందెలు లెక్కపెట్టరు. ఆ నిర్ణయం సరైనదనే ఇప్పటికీ నా నమ్మకం. దాదాపు 89 లక్షల మంది ఆ డబ్బు అందుకున్నారు. సెప్టెంబరు చివర దాని స్థానంలో వచ్చిన వాటిలో ఒకటి 'కెనడా రికవరీ బెనిఫిట్'. మనుషులు కోలుకోవడానికి ఇచ్చేది అని ఆ పేరుకు అర్థం.

డిసెంబరుకల్లా సెర్బ్ తీసుకున్నవాళ్లలో 4,41,000 మందికి పైగా ఉత్తరాలు వెళ్లాయి. మీ అర్హత తేలలేదు, ఆధారాలు చూపండి, లేకుంటే తీసుకున్నది తిరిగి కట్టవలసి రావచ్చు అని. ఇదీ రికవరీయే. ఆదరువుకూ తాఖీదుకూ ఇంగ్లీషులో ఒకే మాట. ఆ దేశపు రెండో అధికార భాష ఫ్రెంచి మాత్రం ఈ రెంటినీ కలపలేదు. భృతి పేరులో 'రెలాన్స్' అంది, అంటే మళ్లీ ఊపందుకోవడం. డబ్బు రాబట్టడాన్ని 'రెకూవ్రెమాఁ' అంటుంది.

మనమూ కలపలేదు. ఎదురుకోలు, వీడుకోలు, కొనుగోలు... వీటన్నిటి చివర ఉన్నది 'కొను' నుంచి వచ్చిన కోలు. కోలుకోవడంలోనూ నాకు అదే వినిపిస్తుంది. జారిపోయిన సత్తువను మనిషి తనంతట తాను మళ్లీ తీసుకోవడం. ఒకరు ఇంకొకరిని కోలుకునేట్టు చేయగలరేమో గాని, ఒకరి బదులు ఇంకొకరు కోలుకోలేరు.

వసూలు దారి వేరు. అరబ్బీలో 'వుసూల్' అంటే చేరుకోవడం. ప్రియుల కలయికను చెప్పే ఉర్దూ 'విసాల్' కూడా ఆ ధాతువుదే. అంత మెత్తటి మాట పన్ను లెక్కల్లోకి వచ్చి బిగుసుకుపోయింది. మొగలాయి దఫ్తరాల్లో జమా, వాసిల్, బాకీ అని మూడు పద్దులుండేవి. రావలసింది, వచ్చింది, ఇంకా మిగిలింది. మూడూ ఖజానా గుమ్మంలో నిలబడి చూసినవే. సినిమావాళ్లు తొలిరోజు వసూళ్లని మురిసిపోతారు. వాకిట్లోకి వసూలుకొచ్చారంటే మాత్రం గుండె జారుతుంది.

పుచ్చుకునేవాళ్ల వైపు నుంచి చెప్పడానికి మనకో మాట ఉంది: ముట్టడం. మామయ్య పంపే మనియార్డరు వచ్చినప్పుడు పోస్టుమ్యాన్ అరుగు మీద కూర్చుని నోట్లు రెండుసార్లు లెక్కపెట్టేవాడు. అమ్మమ్మ బొటనవేలు సిరాలో అద్ది, వేలిముద్ర వేసి, "ముట్టిందని రాయి నాయనా" అనేది. వేలికి అంటిన ఆ నీలం రంగు సాయంత్రం దాకా పోయేది కాదు. సొమ్ము ఒంటిని తాకినట్టు చెప్పే మాట అది.

పొరపాటున ఎక్కువ ముట్టిన సొమ్ము సంగతేమిటి మరి? అది అప్పు కాదు, ఎవరూ చేయి చాచి బదులడగలేదు. పాత మూడు పద్దుల్లో దేనిలోనూ అది ఇమడదు. అయినా తాఖీదు వెళ్లేసరికి మనిషి పేరు పక్కన బాకీ అయి కూర్చుంటుంది. తెలుగులో ఇంకా కరుకు మాట ఉంది, కక్కించడం. తిన్నది కక్కించాలి అంటాం. మోసం చేసి తీసుకున్నవాళ్ల విషయంలో ఆ మాటకు నేను అడ్డు చెప్పను. అది జనం సొమ్ము. తీసుకున్నవాళ్లలో అర్హత లేనివాళ్లకు 460 కోట్ల డాలర్లు వెళ్లాయనీ, కనీసం మరో 2,740 కోట్ల మీద విచారణ జరగాలనీ ఆ దేశపు ఆడిటర్ జనరల్ కేరెన్ హోగన్ 2022 డిసెంబరులో లెక్క చెప్పారు. ఆ అంకెల్లో సెర్బ్ ఒక్కటే కాదు, ఇతర కోవిడ్ సాయాలూ ఉన్నాయి. తేలిగ్గా తీసుకోవలసినవి కావు.

అయితే మోసం ఎక్కడా లేని మనిషిని చూడండి. సెర్బ్‌కు అంతకు ముందు ఏడాది 5,000 డాలర్ల ఆదాయం ఉండాలన్నారు. సొంతంగా టాక్సీ నడిపే ఒకరికి 8,000 వచ్చాయనుకుందాం. పెట్రోలు, ఇన్సూరెన్సు, రిపేర్లు పోను చేతిలో 4,300. ఆదాయం ఎంత అంటే ఏం చెప్పాలి? మన రైతును అడగండి, ఎకరానికి ముప్పై బస్తాలంటాడు. పెట్టుబడి పోను ఎంత అని మళ్లీ అడిగితేనే రెండో లెక్క చెబుతాడు. అబద్ధమాడడు. అడిగినదానికి జవాబు చెబుతాడు. అక్కడి దరఖాస్తు మొదట్లో ఆ రెండో ప్రశ్న అడగలేదు. ఖర్చులు పోను మిగిలిందే లెక్క అని తర్వాత తేల్చారు. అప్పటికి ఆ 2,000లు అద్దెకూ బియ్యానికీ పోయాయి. వాళ్లు తిన్నమాట నిజమే, అన్నంగా తిన్నారు. కక్కమంటే ఎక్కడి నుంచి తెస్తారు?

ముసలివాళ్లకు ఇంకో విధంగా తగిలింది. పేద వృద్ధులకు ఇచ్చే 'గ్యారంటీడ్ ఇన్‌కమ్ సప్లిమెంట్' ముందటి ఏడాది ఆదాయాన్ని బట్టి ఉంటుంది. సెర్బ్ కూడా ఆదాయం కిందే జమ అయింది కాబట్టి 2021 జులైలో చాలామందికి ఆ భృతి తగ్గిపోయింది, కొందరికి ఆగిపోయింది. వాళ్లను కట్టమని ఎవరూ అడగలేదు, నెలనెలా వచ్చేదే రాలేదు. దీనికి వసూలు అనే పేరు కూడా లేదు. ఆ లోటు పూడ్చడానికి ప్రభుత్వం ఒకసారి సొమ్ము ఇచ్చింది, అదీ 2022లో.

రికవరీ అనే మాట నాకు ఇబ్బందిగా ఉండేది ఇందుకే. సర్కారు కోలుకుంటోందన్న ధ్వని అందులో ఉంది. తెలుగులో రాసేవాళ్లం దీన్ని వసూలు అనే రాయాలి. అప్పుడు ఎవరి దగ్గర నుంచి, ఏ స్థితిలో ఉన్న మనిషి నుంచి అన్న ప్రశ్న వెంటనే పుడుతుంది. కోలుకోని మనిషి దగ్గర వసూలు అని రాయడానికి చేయి కాస్త ఆగుతుంది. ఆగాలి కూడా.

2021 ఫిబ్రవరి 9న కెనడా ప్రభుత్వం మాట మార్చుకుంది. సొంత పని చేసుకునేవాళ్లకు ఖర్చులు తీయకముందు 5,000 డాలర్లు వచ్చి ఉండి, మిగతా షరతులు కుదిరితే సెర్బ్ తిరిగి కట్టనక్కర్లేదంది. ఉత్తరం చూసి భయపడి అప్పటికే కట్టేసినవాళ్లకు ఆ సొమ్ము వెనక్కి ఇస్తామంది. దానికి మన దగ్గరున్న మాట వాపసు, పారసీ నుంచి వచ్చింది. ముట్టి, చెల్లించి, వాపసు ముట్టిన ఆ 2,000 డాలర్లను ఇంట్లో ఏ పేరుతో పిలుచుకున్నారో వాళ్లను అడగాలని ఉంది.