టీజీ 15

2011 సెప్టెంబర్. జగిత్యాల టవర్ సర్కిల్‌కు కాస్త ఎడంగా ఓ రేడియం స్టిక్కర్ల దుకాణం. ముందు రేకు బల్ల, దాని మీద బ్లేడు, కత్తెర, థిన్నర్ సీసా, మసిగుడ్డ. కోరుట్ల దిక్కు నుంచి వచ్చిన ఆటో దుకాణం ముందు ఆగింది. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. ఆర్టీసీ కార్మికులు కూడా సమ్మెలోకి దిగడంతో బస్సులు డిపోలు దాటడం లేదు. ఊరి నుంచి ఊరికి పోవాలంటే ఆటోనే దిక్కు.

"అన్నా, ప్లేటు మార్వాలె."

"నంబరా?"

"నంబరు జోలికి పోకు. ముంగటి రెండక్షరాలు తీసేయ్, సాలు."

దుకాణదారు ఇంకేం అడగలేదు. పసుపు ప్లేటు మీద నల్లగా ఏపీ 15. మసిగుడ్డను థిన్నర్‌లో ముంచి ఆ రెండక్షరాల మీద అద్ది, కాసేపాగి బ్లేడుతో గీకాడు. నలుపుతో పాటు కొంత పసుపూ లేచింది. అక్కడ బ్రష్షుతో మళ్లీ రంగు పూసి ఆరనిచ్చాడు. నల్ల రేడియం షీటు మీద ఇంగ్లీషు టీ అక్షరం రెండు కోతల్లో వచ్చింది. జీ దగ్గరే కత్తెర నెమ్మదిగా వంపు తిరగాలి. రెండూ అంటించి బొటనవేలితో గట్టిగా రుద్దాడు.

"ఎంతియ్యాలె అన్నా?"

"రేడియం పైసలియ్యి. మజూరీ వద్దు."

ఈ కథలోని ఆటో డ్రైవరు, దుకాణదారు, ముందు రాబోయే హెడ్ కానిస్టేబులు ఫలానావాళ్లని వేలు పెట్టి చూపించే మనుషులు కారు. ఆ రోజుల్లో ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో అలాంటివాళ్లు ఎందరో ఉండేవాళ్లు. వాళ్లను కలిపి ఈ ముగ్గురిని చేసుకున్నాను. మాటలు నేను అల్లినవి. తేదీలు, చట్టాలు, రాజకీయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే.

ఈ రెండక్షరాల మీద అంత కోపం ఎందుకు వచ్చిందో తెలియాలంటే రెండేళ్లు వెనక్కి పోవాలి. 2009 నవంబర్ 29న టీఆర్‌ఎస్ అధినేత కేసీఆర్ ఆమరణ దీక్షకు కరీంనగర్ నుంచి సిద్దిపేటకు బయల్దేరితే ఊరి పొలిమేరలోనే, అలుగునూరు దగ్గర, పోలీసులు అరెస్టు చేసి ఖమ్మం తరలించారు. డిసెంబర్ 9 రాత్రి కేంద్ర హోంమంత్రి చిదంబరం తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. పటాకులు కాల్చుకున్న పొగ ఇంకా పోకముందే, డిసెంబర్ 23న, విస్తృత సంప్రదింపులు కావాలని మాట మార్చారు. నోటిదాకా వచ్చిన ముద్దను లాక్కున్నారన్న కసి ఆ రెండు వారాల్లో పుట్టిందే. 2010 జులై ఉపఎన్నికల్లో పన్నెండు స్థానాలకు పోలింగ్ జరిగితే అందులో ఐదు ఈ ఒక్క జిల్లావే: సిరిసిల్ల, కోరుట్ల, ధర్మపురి, వేములవాడ, హుజూరాబాద్. ఐదింటా టీఆర్‌ఎస్సే గెలిచింది. సిరిసిల్లలో కేటీఆర్, కోరుట్లలో కల్వకుంట్ల విద్యాసాగర్‌రావు.

ఓటు అయిదేళ్లకోసారి. రాస్తారోకో ఒక పూట. మిగతా రోజుల్లో మామూలు మనిషి తన మనసులో మాట ఎక్కడ రాసుకోవాలి? ఆఫీసు బోర్డు సర్కారుది. కరెంటు బిల్లు, రేషన్ కార్డు మీద పేరు సర్కారు అచ్చేసిందే. రాష్ట్రం పేరు తన సొమ్ము మీద, తన చేతికందే చోట ఉన్నది ఒక్క బండి ప్లేటు మీదే. ఎవరు మొదలుపెట్టారన్న వాదనలోకి నేను పోను. మోటారు సైకిళ్లు, ఆటోలు, జీపులు, చివరికి గులాబీ పార్టీ నాయకుల కార్లు, అన్నిటి మీదా టీజీ ప్రత్యక్షమైంది.

చట్టం దృష్టిలో అది దొంగ ప్లేటే. ఇందులో నసుగుడు అక్కర్లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 41వ సెక్షన్ ఆరో ఉపసెక్షన్ ప్రకారం ఏ రాష్ట్రానికి ఏ అక్షరాలో నిర్ణయించేది కేంద్ర ప్రభుత్వం. ఆ జాబితా 1989లో గెజిట్‌లో వచ్చింది. అందులో మనకు ఏపీ, ఏపీలో కరీంనగర్‌కు 15. 2011లో ఆ జాబితా ఎంత వెతికినా టీజీ లేదు. రాష్ట్రమే లేనప్పుడు అక్షరాలెక్కడివి? అంటే ఆ ఆటో ప్లేటు ప్రకారం పుట్టని రాష్ట్రంలో రిజిస్టరైన బండి.

ఆ బండి వేములవాడ మొక్కుకు పోయే జనాన్ని ఎక్కించుకుంది. వాళ్లను గుడి దగ్గర దించి, సిరిసిల్ల దాకా ఇంకో కిరాయి దొరికితే ముందుకు పోయింది. సిరిసిల్ల పొలిమేరలో పోలీసులు బండ్లు ఆపుతున్నారు. హెడ్ కానిస్టేబులు లాఠీ చంకలో పెట్టుకుని ప్లేటు ముందు వంగి చూశాడు.

"గిదేంది బిడ్డా?"

"ప్లేటు సార్."

"ప్లేటని నాకు తెల్సు. ఆర్సీ తియ్."

సీటు కింద ప్లాస్టిక్ కవర్లోంచి ఆర్సీ వచ్చింది. హెడ్ కానిస్టేబులు ఒక కన్ను కాగితం మీద, ఒక కన్ను ప్లేటు మీద వేశాడు.

"కాయితంల ఏపీ ఉన్నది. బండి మీద టీజీ ఉన్నది. రెండిట్ల ఏది అబద్ధం?"

"కాయితమే సార్."

పక్కనున్న హోంగార్డు మొహం అటు తిప్పుకున్నాడు, నవ్వు కనబడకుండా.

"లైసెన్సు?"

ఇచ్చాడు. ఇన్సూరెన్సు అడిగితే అదీ ఇచ్చాడు. అన్నీ నడుస్తున్నవే, ఒక్కటీ గడువు దాటలేదు. హెడ్ కానిస్టేబులుకు ఇదే వింతగా తోచింది.

"ఇన్ని సక్కగ పెట్టుకున్నోనివి, గీ బుద్ధేంది?"

"దుబాయిల బండి నడిపిన సార్. ఆడ ప్లేటు మీద మట్టి పడ్డా తుడుసుకుంటం, లేకుంటే జుర్మానా. రూలు తెల్వక రాయించలేదు సార్. తెల్సే రాయించిన."

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో గల్ఫ్ ముఖం చూడని ఇల్లు అరుదు. పరాయి దేశంలో పదేళ్లు ఎర్ర లైటు దాటని మనిషి సొంత ఊరికొచ్చి ప్లేటు మార్చాడంటే అది అలవాటైన నిర్లక్ష్యం అయ్యుండదు.

"యాక్సిడెంటయితే ఏం జేస్తవ్? గీ నంబరు పెట్టి కేసు రాస్తే బండి దొర్కుతదా? ఇన్సూరెన్సోడు పైస ఇస్తడా?"

డ్రైవరు దగ్గర దీనికి జవాబు లేదు. నిజానికి ఆ ఉద్యమంలో ఎవరి దగ్గరా లేదు. దెబ్బ తగిలిన మూడో మనిషికి అక్షరాల రాజకీయంతో పనిలేదు, పరిహారం రావాలి. టీజీ ప్లేట్ల గురించి అభిమానంగా రాసేవాళ్లు ఈ ప్రశ్నను దాటేస్తుంటారు. హెడ్ కానిస్టేబులు దాటేయలేదు.

మోటారు వాహనాల చట్టంలో 177వ సెక్షన్ కింద అప్పట్లో మొదటి తప్పుకు జరిమానా గరిష్ఠంగా నూరు రూపాయలు. చలానా పుస్తకం తెరిచాడు.

"సార్, నంబరు టీజీ అని రాయుండ్రి."

"ఆర్సీల ఏదుంటె గదే రాస్త."

చలానా మీద ఏపీ 15 అనే పడింది. డ్రైవరు నూరు కాగితం ఇచ్చి రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడు. హెడ్ కానిస్టేబులు బండి పోనిస్తూ ఒక మాటన్నాడు: "రాష్ట్రం అచ్చినంక గీ సాకు నడ్వది, యాదిపెట్టుకో."

ఆ మాట ఎంత నిజమయ్యిందో తర్వాత చెబుతాను.

సర్కారును ఒప్పుకోం అంటూ సొంత ప్లేట్లు తగిలించుకునేవాళ్లు ప్రపంచంలో వేరే రకాలూ ఉన్నారు. అమెరికాలో తమను సావరిన్ సిటిజన్లని పిలుచుకునే జనం కోర్టునూ పన్నునూ లైసెన్సునూ ఒప్పుకోరు. 'నేను డ్రైవింగ్ చేయడం లేదు, ప్రయాణం చేస్తున్నాను' అని పోలీసుతో వాదిస్తారు. 2010 మే 20న ఆర్కాన్సాస్ రాష్ట్రం వెస్ట్ మెంఫిస్‌లో ఒక తెల్ల వ్యాన్‌ను ఇద్దరు పోలీసులు ఆపారు. అందులో జెర్రీ కేన్ అనే మనిషి, అతని పదహారేళ్ల కొడుకు ఉన్నారు. ఆ పిల్లవాడు తుపాకీతో దిగి ఇద్దరు పోలీసులనూ కాల్చి చంపాడు. చనిపోయినవారిలో ఒకరు ఆ ఊరి పోలీసు అధిపతి కన్నకొడుకు. గంటన్నర తర్వాత తండ్రీకొడుకులు కూడా పోలీసు కాల్పుల్లో పోయారు. జర్మనీలో రైఖ్స్‌బ్యుర్గర్లు అనే ముఠా ఇప్పటి దేశమే చెల్లదంటుంది, సొంత లైసెన్సులు అచ్చేసుకుంటుంది. 2016లో వాళ్లలో ఒకడు జరిపిన కాల్పుల్లో ఒక పోలీసు ప్రాణం పోయింది.

సిరిసిల్ల దారిలో నూరు రూపాయల చలానా కట్టిన మనిషిని వీళ్ల పక్కన నిలబెట్టడం అన్యాయం. వాళ్లకు ఏ సర్కారూ వద్దు. ఇతనికి సర్కారు కావాలి, అది తనదై ఉండాలి. రోడ్డు టాక్సు కట్టాడు, లైసెన్సు తీసుకున్నాడు, నంబరులో ఒక్క అంకె కూడా ముట్టనివ్వలేదు. టీజీని ఏపీగా చదువుకుంటే చాలు, ఎవరైనా ఆ నంబరు పట్టుకుని ఇతని ఇంటి తలుపు తట్టొచ్చు.

ఇతనికి దగ్గరి చుట్టం కావాలంటే కొసావోలో దొరుకుతాడు. ఉత్తర కొసావోలోని సెర్బులు కొసావో ప్రభుత్వం ఇచ్చే ప్లేట్లు ఒప్పుకోక, సెర్బియా ఇచ్చిన పాత ప్లేట్లతోనే తిరిగారు. 2021లో సరిహద్దు దారులు మూతపడ్డాయి. 2022 నవంబర్‌లో ఆ ప్రాంతపు సెర్బు పోలీసులు, జడ్జీలు మూకుమ్మడిగా రాజీనామా చేశారు. ఆఖరికి బ్రసెల్స్‌లో యూరోపియన్ యూనియన్ పెద్దలు కూర్చుని, కారు ప్లేట్ల మీద రెండు రాజ్యాల మధ్య రాజీ కుదర్చాల్సి వచ్చింది. రేకుముక్కేగా అనుకుంటే పొరపాటు.

మన కథకు వద్దాం. 2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. జూన్‌లోనే కొత్త అక్షరాలూ వచ్చాయి. టీఎస్! మూడేళ్లుగా బండి మీద టీజీ మోసినవాళ్లకు ఇది మింగుడుపడలేదు. ఉమ్మడి రాష్ట్రంలో టీజీ దొంగ ప్లేటు. సొంత రాష్ట్రంలోనూ అది దొంగ ప్లేటే! హెడ్ కానిస్టేబులు చెప్పినట్టు సాకు కూడా పోయింది. రేడియం దుకాణం ముందు మళ్లీ బ్లేడు, థిన్నర్. ఆర్సీలో ఏపీ ఉన్న పాత బండి మీద ఏపీయే రాయాలి. ఉద్యమం గెలిచిన ఏడాది ఏపీ అక్షరాలను తన డబ్బుతో తిరిగి అంటించుకోవాల్సి వచ్చిన మనిషి ముఖం ఊహించుకోండి. ఉత్తరాంచల్ ఉత్తరాఖండ్ అయినప్పుడు యూఏ పోయి యూకే వచ్చింది. ఒరిస్సా పేరు మారాక ఓఆర్ పోయి ఓడీ వచ్చింది. ఇక్కడ రాష్ట్రమే కొత్తగా పుట్టినా జనం రాసుకున్న అక్షరాలు మాత్రం పదేళ్లు ఆగాయి.

2024 ఫిబ్రవరిలో రేవంత్‌రెడ్డి మంత్రివర్గం టీఎస్ బదులు టీజీ ఉండాలని తీర్మానించింది. మార్చి 12న కేంద్రం అదే 41వ సెక్షన్ కింద, అదే 1989 జాబితాను సవరిస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. మార్చి 15 నుంచి కొత్త బండ్లకు టీజీ. ఉద్యమంలో యువకులు బండ్ల మీద, గుండెల మీద టీజీ రాసుకున్నారని ముఖ్యమంత్రి గుర్తుచేశారు. ఆ మార్పులో రాజకీయం లేదని నేననను, పాత ప్రభుత్వపు గుర్తులు చెరపాలన్న ఆత్రం కూడా ఉంది. అయినా జనం ముందు రాసి, గెజిట్ వెనక రాయడం ఈ దేశంలో తరచు జరిగేది కాదు.

చిన్న తిరకాసు ఒకటి ఉంది. టీఎస్ వచ్చినప్పుడే కరీంనగర్‌కు 02 వచ్చింది. 2016లో జిల్లాలు విడిపోయాక జగిత్యాలకు 21, రాజన్న సిరిసిల్లకు 23 దక్కాయి. 15వ నంబరు సంగారెడ్డికి పోయింది. ఆ ఆటో మీద 2011లో అంటించిన టీజీ 15 ఈనాడు అక్షరాలా చెల్లుతుంది, బండి సంగారెడ్డిలో కొత్తగా రిజిస్టరైనదైతే.

ఇంతా రాయడానికి కారణం ఇప్పుడు అవే చౌరస్తాల్లో కనబడుతున్న తంతు. ప్లేటు పైకి మడవడం, ఆఖరి అంకె మీద స్టిక్కరు వేయడం, మాస్కు కట్టడం, పక్కింటివాడి నంబరు రాయించి చలానాలు అతని ఇంటికి పంపడం. దొరికితే కొందరు 'ఉద్యమంలో మార్చలేదా' అంటారు. ఉద్యమంలో మార్చినవాడు అందరికీ కనబడాలని మార్చి, ఆపితే ఆర్సీ చూపించి, జరిమానా కట్టి పోయాడు. మీరు కెమెరాకు దొరక్కుండా మారుస్తున్నారు. రెంటికీ పోలిక లేదు. నంబరు మార్చి మోసం చేస్తే ఇప్పుడు నూరు రూపాయలతో పోదు, చీటింగ్ కేసు పెడతారు. పాత బండి కొనేవాళ్లు మాత్రం ప్లేటును నమ్మకండి. ఛాసిస్ నంబరూ ఇంజిన్ నంబరూ ఆర్సీతో కలుస్తున్నాయో లేదో మీ కళ్లతో చూసుకున్నాకే పైసలియ్యండి.