మైడుంగ్
జర్మన్ క్రియ ‘మైడెన్’కు దూరంగా ఉండడం అని అర్థం. దాని నుంచి వచ్చిన ‘మైడుంగ్’ అమిష్ క్రైస్తవ సమాజంలో వెలికి పేరు. మెనొనైట్లు అనే క్రైస్తవ శాఖవారి 1632 నాటి డోర్‌డ్రెక్ట్ విశ్వాస ప్రకటన ఈ ఆచారాన్ని విధిస్తూనే, వెలిపడినవారికి అవసరంలో సాయం మానరాదంది. 1693లో సంఘ పెద్ద యాకోబ్ అమ్మన్ వెలిని కఠినంగా పాటించాలని పట్టుబట్టడంతో వారిలో చీలిక వచ్చింది. ఆయన అనుచరులే అమిష్‌లు.

ఈ వెలి బాప్తిస్మం పొందినవారికే వర్తిస్తుంది. ఆ బాప్తిస్మం యుక్తవయసు వచ్చాకే ఇస్తారు. అమిష్‌ల జీవితం నేపథ్యంగా వచ్చే ప్రేమ నవలల బిగువు ఇక్కడే ఉంది. బాప్తిస్మానికి ముందు బయటివారిని ప్రేమించి వెళ్లిపోతే సాధారణంగా వెలి ఉండదు. ఆ తర్వాతైతే చాలా సంఘాల్లో ఇంటివారితో సహపంక్తి భోజనం కూడా నిషిద్ధం. పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కౌంటీ నేపథ్యంగా బెవర్లీ లూయిస్ రాసిన ‘ది షన్నింగ్’ (1997) శీర్షిక ‘మైడుంగ్’ అన్న మాటకు ఇంగ్లిష్ రూపమే. ఆ నవల విజయంతోనే ఈ తరహా రచనలు వెల్లువెత్తాయి.