పొగగొట్టము నేర్పిన పాఠము

ఇంటి తలుపు విరిగినచో వెంటనే కంటబడును. కప్పు కారినచో మొదటి వానకే తెలియును. కాని గోడలో దాగియున్న గొట్టము పూడిపోవుచున్నచో చాలకాలము వరకు ఎవరికిని తెలియదు. పొగను, గాలిని నడిపించు గొట్టములను కట్టుట మానవుడు ఏనాడో నేర్చుకొనెను. కట్టినదానిని పరీక్షించి శుభ్రపరచుకొనుట మాత్రము చాల ఆలస్యముగా నేర్చుకొనెను. ఆ ఆలస్యమునకు మూల్యము చెల్లించినవారిలో పెక్కురు చిన్నపిల్లలు.

పొగగొట్టము పనిచేయు విధానము సులభమైనది. వేడెక్కిన గాలి వ్యాకోచించి తేలికయగును. చుట్టునున్న చల్లనిగాలి బరువుగా నుండుటచే క్రిందినుండి పొయ్యిలోనికి చొచ్చుకొనివచ్చి వేడిగాలిని పైకి నెట్టును. గొట్టము ఎత్తయినకొలది, లోపలిగాలి వేడెక్కినకొలది ఈ ప్రవాహము బలపడును. కాని వంటచెరకు గాని, బొగ్గు గాని పూర్తిగా కాలనప్పుడు పుట్టిన మసి గొట్టపు గోడలకు అంటుకొనును. 9 అంగుళముల చదరముగా నున్న గొట్టమునకు లోపలి వైశాల్యము 81 చదరపు అంగుళములు. నాలుగు ప్రక్కలను ఒక్కొక్క అంగుళము మందమున మసి పేరుకొన్నచో లోపల మిగులునది 7 అంగుళముల చదరము, అనగా 49 చదరపు అంగుళములు మాత్రమే. ఒక్క అంగుళపు పూత దారిలో ఇంచుమించు అయిదింట రెండువంతులు మూసివేసినదన్నమాట! అప్పుడు పొగ గదిలోనికి తిరిగివచ్చును. దానితోపాటు రంగు, వాసన లేని విషవాయువగు కార్బన్ మోనాక్సైడు కూడ వచ్చును. మసికే నిప్పంటుకొన్నచో ఇంటికే ముప్పు.

1666లో లండను నగరములో పెద్దభాగము అగ్నికి ఆహుతియైన పిమ్మట అచ్చటి ఇండ్లను ఇటుకతోను, రాతితోను తిరిగి కట్టిరి. కట్టెలకు బదులు నేలబొగ్గు వాడుక అప్పటికే పెరుగుచుండెను. బొగ్గుమంటకు సన్నని గొట్టము చాలును. అందుచే 14 అంగుళముల పొడవు, 9 అంగుళముల వెడల్పు గల గొట్టములు, అంతకంటె ఇరుకైనవి కూడ సాధారణమయ్యెను. ప్రతి గదిలోని పొయ్యినుండియు బయలుదేరిన గొట్టములు గోడలలో వంపులు తిరుగుచు ఇంటికప్పుపై ఒకచోటికి చేరెడివి. ఆ వంపులలో మసి మెండుగా పేరుకొనును. పెద్దవాడు అందులో దూరలేడు. కనుక బీదకుటుంబముల బాలురను, అనాథలను గొట్టములలోనికి ఎక్కించి మసి గీకించెడివారు. వారు మోకాళ్లను, మోచేతులను గోడలకు ఆనించి ప్రాకెడివారు. కొందరు మలుపులలో ఇరుకుకొని ఊపిరాడక మరణించిరి.

1775లో పెర్సివల్ పాట్ అను లండను శస్త్రవైద్యుడు, ఈ వృత్తిలో పెరిగినవారికి వచ్చు ఒక క్యాన్సరునకు మసియే కారణమని వ్రాసెను. ఒక వృత్తికిని, క్యాన్సరునకును గల సంబంధమును వెల్లడించిన తొలి రచనలలో ఇది ముఖ్యమైనది. 1788లో చేసిన చట్టము 8 ఏండ్లలోపు పిల్లలను ఈ పనిలో చేర్చుకొనరాదని నిషేధించెను. అయినను దానిని అమలుజరుపువారు లేకపోయిరి.

పిల్లలకు మారుగా యంత్రమును వాడవలెనని కోరుచు 1803లో లండనులో ఒక సంఘము వెలసెను. జార్జి స్మార్ట్ అనునతడు బోలుకర్రలను ఒకదానికొకటి తగిలించి, వాని కొనను కుంచె అమర్చి ఒక సాధనమును చేసెను. 1828లో జోసెఫ్ గ్లాస్ దానికంటె మేలైన సాధనమును తయారుచేసెను. సాధనము సిద్ధమైనను పని మారలేదు. వంపుల గొట్టములలో కుంచె తిరుగదనియు, మార్పులకు ఖర్చగుననియు ఇంటివారు వాదించిరి. దోషము కుంచెది కాదు, గొట్టపు నిర్మాణముది.

ఈ సంగతి 1840 నాటి చట్టములో స్పష్టముగా కనబడును. 21 ఏండ్లలోపువారిని గొట్టములోనికి ఎక్కించుట నేరమని అది శాసించెను. అంతటితో ఆగక గొట్టములను ఏ కొలతలతో కట్టవలెనో కూడ నిర్ణయించెను. మూలలు గుండ్రముగా నుండవలెననియు, మలుపు తిరుగు గొట్టములకు 6 అంగుళముల చదరమునకు తక్కువకాని చిన్న తలుపులు ఉండవలెననియు విధించెను. ఆ తలుపు తెరచినచో లోపలి స్థితిని కంటితో చూడవచ్చును, కుంచెను దూర్చవచ్చును. బాలుడు చేయుచుండిన పనిని ఆ చిన్న తలుపు చేయగలదు. అయినను చట్టమును పాటించనివారు చాలకాలము మిగిలిరి. 1875లో కేంబ్రిడ్జికి సమీపమున జార్జి బ్రూస్టర్ అను బాలుడు గొట్టములో చిక్కుకొని మరణించెను. ఆ సంవత్సరమే లార్డ్ షాఫ్ట్స్‌బరీ కృషివలన మరియొక చట్టము వచ్చెను. దాని ప్రకారము ఈ వృత్తివారు పోలీసుల ద్వారా అనుమతిపత్రము పొందవలసివచ్చెను. అప్పటినుండి అమలు గట్టిపడెను.

మన దేశమున సమస్య వేరురూపమున నుండెను. ఇక్కడి వంటయిండ్లలో పెక్కింటికి పొగగొట్టమే లేదు. పొగ అంతయు వంటచేయు స్త్రీల కండ్లలోనికి, ఊపిరితిత్తులలోనికి పోయెడిది. దీనిని తొలగించుటకు హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్. పి. రాజు మట్టితో కట్టుకొనదగిన పొగలేని పొయ్యిని రూపొందించెను. ఒకే మంటపై పెక్కు గిన్నెలు ఉడుకును. మిగిలిన పొగ గొట్టము ద్వారా వెలుపలికి పోవును. ఈ విషయముపై ఆయన గ్రంథము 1953లో వెలువడెను. 1980ల దశకమున ప్రారంభమై 2002 వరకు సాగిన జాతీయ కార్యక్రమము క్రింద, మెరుగుపరచిన పొయ్యిలు దేశమున 3 కోట్లకు పైగా పంచబడెను.

అయితే ఒడిశా గ్రామములలో గొట్టముగల పొయ్యిలపై జరిపిన ఒక పరిశోధన ఫలితములు 2012లో వెలువడెను. మొదటి సంవత్సరమున స్త్రీలు పీల్చు పొగ తగ్గెను. తరువాతి సంవత్సరములలో ఆ మేలు కనబడలేదు. పగిలిన పొయ్యిలను బాగుచేసికొనుట, వానిని క్రమముగా, సరియైన రీతిని వాడుట జరుగకపోవుట ఇందుకు ముఖ్యకారణము. పొయ్యిని పంచినవారు దానిని కాపాడుకొను పద్ధతిని నిలుపలేకపోయిరి.

నేడు పెక్కు ఇండ్లకు వంటగ్యాసు వచ్చినది. అయినను పొయ్యిపైన అమర్చు విద్యుత్ చిమ్నీకి గొట్టము కలదు. అందులో మసికి బదులు నూనెజిడ్డు పేరుకొనును. ఇంటినంతటిని చల్లబరచు, వేడిచేయు యంత్రములున్నచోట గాలిగొట్టములు కలవు. వీనిని ఊరక తరచు కడిగించుటయు సరికాదు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ ప్రచురించిన సూచనల ప్రకారము, గొట్టములను శుభ్రముచేయుటవలన జబ్బులు తగ్గునని రుజువు కాలేదు. కంటికి కనబడునట్లు బూజు పట్టినప్పుడు, ఎలుకలు, పురుగులు చేరినప్పుడు, దుమ్ముతో పూడినప్పుడు శుభ్రము చేయవలెను. అనగా ముందు చూడవలెను. అవసరమైనచో తరువాత కడుగవలెను. తేమ చేరకుండ చూచుటయు, వడపోత తెరను వేళకు మార్చుటయు అంతకంటె ముఖ్యము.

చూడవలెనన్నచో చూచుటకు తోవ ఉండవలెను. ఇల్లు కట్టువారు గొట్టముతోపాటు దాని తలుపును కూడ నిర్ణయించుకొనవలెను. ఆరంగుళముల ఆ తలుపు పెట్టుటకు పెద్ద ఖర్చు లేదు. అది లేనినాడు ఎందరు బాలుర ప్రాణములు పోయెనో చరిత్ర చెప్పుచున్నది.