గరాజు తలుపునకు వ్రేలాడు ఎర్ర తాడు

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మోటారుకారు ధనికుల విలాసవస్తువుగా నుండిన తొలిదినములలో దానికి వేఱుగా నొక గృహము కట్టవలెనను తలంపు పెక్కుమందికి పుట్టలేదు. గుఱ్ఱములును గుఱ్ఱపు బండ్లును ఉండు శాలలోనే ఒక మూల దానికిని చోటిచ్చి, గడ్డివాసనకును లద్దెవాసనకును తోడుగా పెట్రోలు వాసనను సయితము భరించిరి. 1908లో ఫోర్డు కంపెనీవారి మోడల్ టి కారు వెలువడి, ఏటేట వెల తగ్గుచు, సామాన్య గృహస్థునకు గూడ అందుబాటులోనికి వచ్చిన పిమ్మట పెరటిలో కారు కొఱకు చిన్న కొట్టములు వెలసినవి. కొట్టము క్రొత్తదే గాని తలుపులు మాత్రము గుఱ్ఱపుశాలవే: బరువైన రెండు చెక్క రెక్కలు, ప్రక్కల మడతబందులు, వెలుపలికి తెఱచుకొను తీరు. మోకాలిలోతు మంచు పేరుకొన్న ఉదయమున ఆ రెక్కలను కదలింపవలెనన్న ముందుగా పార పట్టి మంచు ఎత్తిపోయవలసి యుండెను. గాలి విసరు దినమున కారు బయటికి వచ్చులోపలనే రెక్క తనంత తాను మూసికొని బానెట్టును గీరుచుండెను. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో నగరమున, 1938, 39 ప్రాంతమున హ్యూలెట్, ప్యాకార్డ్ అను ఇరువురు యువకులు తమ తొలి పరికరములను తయారు చేసిన గరాజునకు అట్టి రెక్కతలుపులే ఉన్నవి. సిలికాన్ వ్యాలీకి పుట్టినిల్లని కొనియాడి ప్రభుత్వమువారు చారిత్రక స్థలముగా ప్రకటించిన ఆ కొట్టము తలుపు తెఱచుటకు విద్యుత్తుతో నిమిత్తమే లేకపోవుట ఒక చమత్కారము.

రెక్కతలుపుల చిక్కునకు విరుగుడు 1921లో సి. జి. జాన్సన్ అను నాతడు కనుగొనెను. తలుపును ప్రక్కలకు గాక మీదికి నడిపింపవలెనని ఆతని యోచన. తలుపును అడ్డముగా కొన్ని పలకలుగా విభజించి, పలకకును పలకకును నడుమ మడతబందులు బిగించి, అంచులకు చిన్న చక్రములు కూర్చి, ఆ చక్రములు ఇరుప్రక్కల నిలువు పట్టాలలో పైకి ప్రాకి, ద్వారము పైకమ్మి దాటినంతనే వంపు తిరిగి కప్పు క్రింద పరచుకొనునట్లు అమర్చెను. ఈ తలుపునకు చిన్న నమూనా నొకదానిని తన మోడల్ టి కారు వెనుకభాగమున బిగించుకొని ఊరూర తిరిగి వర్తకులకు చూపెనని ఆ కంపెనీవారు నేటికిని చెప్పుకొందురు. అటుపిమ్మట ఇండియానా రాష్ట్రమందలి హార్ట్‌ఫర్డ్ సిటీ అను చిన్న పట్టణమున వారి కర్మాగారము నెలకొన్నది. 1926లో ఆ తలుపునకే విద్యుత్ మోటారు జతపడినది. ఈ రెండు సంవత్సరములలో లోకులు రెండవదానినే మెచ్చుకొందురు గాని, మొదటిదే ముఖ్యమని నా అభిప్రాయము. ఏలయనగా ఆ తలుపు బరువును మోయునది మోటారు కాదు.

రెండు కార్లు పట్టు వెడల్పు గల ఇనుపరేకు తలుపు ఇంచుమించు 70 కిలోలు తూగును. దళసరి చెక్కతో చేసినదైనచో అందుకు ఇమ్మడి తూగుటయు కలదు. ఈ భారమంతయు మోయునది ద్వారమునకు పైన, ఇరుసుమీద బిగువుగా మెలిపెట్టిన ఉక్కు స్ప్రింగు. తలుపు క్రింది మూలల నుండి బయలుదేరిన రెండు సన్నని ఉక్కుతాళ్లు ఆ ఇరుసు కొనలయందలి డ్రమ్ములకు చుట్టుకొని యుండును. తలుపు దిగునపుడు స్ప్రింగు మెలివడి శక్తిని కూడబెట్టుకొనును. ఎక్కునపుడు ఆ శక్తినే తిరిగి ఇచ్చివేయును. ఏడడుగుల తలుపునకు దానిని ఇంచుమించు ఏడున్నర చుట్లు త్రిప్పి బిగింతురు. మన మెట్టపొలములలో ఏతపు దూలమునకు వెనుక కొనను రాతిబరువు కట్టిన రైతునకు నిండుబాన పైకి తెచ్చుట ఎట్లు సులువయ్యెనో, ఈ స్ప్రింగువలన తలుపెత్తుటయు అట్లే సులువయ్యెను. తూకము సరిగా కుదిరిన తలుపును సగము ఎత్తునకు లేపి చేయి విడిచినచో అది పైకి పోదు, క్రిందికి పడదు, విడిచినచోటనే నిలుచును. అట్టి తలుపును వృద్ధురాలు సయితము ఎత్తగలదు. మోటారునకు మిగిలిన పని చక్రముల రాపిడిని, ఆ మిగిలిన కొద్దిపాటి బరువును త్రోయుటయే. కావుననే అర గుఱ్ఱపుశక్తి గల చిన్న యంత్రము అంత తలుపును అవలీలగా నడపుచున్నట్లు కన్పట్టును. యజమాని మోటారును పొగడును. స్ప్రింగు మాత్రము సాధారణముగా పదివేల మారులు తలుపెత్తి దించి, దినమునకు నాలుగు పర్యాయముల చొప్పున ఇంచుమించు ఏడేండ్లు పనిచేసి, ఒకనాటి రాత్రి తుపాకి ప్రేలినట్టి శబ్దముతో రెండు తునుకలగును. అప్పటివరకును అది యొకటి ఉన్నదన్న మాటయే ఆ యింటివారికి గుర్తుండదు.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము నగరముల వెలుపల క్రొత్త గృహశ్రేణులు బయలుదేరిన దశాబ్దములలో గరాజు పెరటిని విడిచి ఇంటి ముంగిటికి వచ్చి, క్రమముగా ఇంటిలో నొక గదియే అయ్యెను. వీథి తలుపు అతిథులకు మిగిలి, ఇంటివారి రాకపోకలన్నియు గరాజుగుండ జరుగజొచ్చెను. కారులో నుండియే మీట నొక్కి తలుపు తెఱచుటకు రేడియో సాధనము వచ్చెను. తొలినాళ్లలో ఒకని రిమోటునకు పొరుగువాని తలుపు తెఱచుకొనుచుండెను. అందుకై చిన్న స్విచ్చుల వరుసతో సంకేతము మార్చుకొను పద్ధతియు, తరువాత నొక్కినప్పుడెల్ల సంకేతమే మాఱిపోవు పద్ధతియు వచ్చినవి. ఇంత చేసినను 2004లో ఫ్లోరిడా యందలి ఎగ్లిన్ వైమానిక స్థావరమున సైనికులు క్రొత్త రేడియోలను పరీక్షింపగా, ఆ తరంగములు రిమోటుల తరంగములతో కలిసిపోయి, చుట్టుపట్ల ఇండ్ల తలుపులు మొండికెత్తినవి. ఈ సౌకర్యములన్నియు పెరిగిన కొలదియు ఒకటి తఱిగినది: తలుపునకును మనిషి చేతికిని గల పరిచయము. 1965 నవంబరు 9వ తేది సాయంకాలమున న్యూయార్కు మొదలుకొని ఈశాన్య రాష్ట్రములందు మూడు కోట్లమంది చీకటిలో పడినపుడు గరాజు మోటారు ఇంకను కొందఱి సొత్తే. 2003 ఆగస్టు 14న అదే భూభాగమున అయిదు కోట్లమందికి విద్యుత్తు నిలిచిపోవునప్పటికి అది ఊరూర, ఇంటింట నున్నది.

తలుపును మోటారు నుండి విడదీయు ఎర్ర తాడు ఎందులకు పుట్టినదో ఇక్కడ చెప్పవలసి యున్నది. విద్యుత్తు పోయినప్పటి అవసరముకంటె ఘోరమైన కారణముచేత దానికి చట్టమందు స్థానము కలిగినది. దిగుచున్న తలుపు క్రింద చిక్కుకొని పసిపిల్లలు మరణించుచుండిరి. 1982 తరువాతి పదేండ్లలోనే రెండేండ్లకును పదునాలుగేండ్లకును నడుమ వయస్సు గలవారు సుమారు 60 మంది అట్లు గతించిరని ఆ దేశపు వినియోగవస్తు భద్రతా సంఘమువారు ప్రకటించిరి. 1990లో కాంగ్రెసు శాసనము చేసెను. 1993 జనవరి 1 మొదలు తయారగు ప్రతి యంత్రమునకును, అడ్డు తగిలినచో తలుపు వెనుకకు మరలు ఏర్పాటుతో పాటు, నేలకు ఆరంగుళములకు మించని ఎత్తున ద్వారమునకు ఇరువైపుల నిలిచి చూచు కాంతినేత్రముల వంటి రెండవ రక్షణ యొకటి తప్పనిసరి యయ్యెను. ఆ నిబంధనలలోనే మోటారు నుండి తలుపును చేతితో విడదీయు సాధనము ఉండవలెననియు, దాని పిడి ఎఱ్ఱగా నుండవలెననియు, నేలనుండి ఆరడుగులకు మించని ఎత్తున అందవలెననియు వ్రాసిరి.

ఇపుడు ఆ తాడు చేయు పనిని చూతము. కప్పు నడుమ మోటారు పెట్టె నుండి ద్వారము వఱకు ఒక ఇనుపదండము సాగియుండును. దానిమీద గొలుసుచేతనో పట్టీచేతనో లాగబడుచు చిన్న ట్రాలీ ముందు వెనుకలకు జారుచుండును. ట్రాలీ నుండి ఒక వంకర చేయి తలుపు పైపలకను పట్టుకొని యుండును. తాడు వ్రేలాడునది ఈ ట్రాలీకే. విద్యుత్తు పోయినపుడు, తలుపు మూసియున్న స్థితిలోనే, పిడిని పట్టి బలముగా క్రిందికి లాగినచో "టక్కు"మని చప్పుడై కొక్కెము విడిపోవును; అంతటితో తలుపు 1921 నాటి తలుపు అగును. పిమ్మట రెండు చేతులతో క్రింది పలక నడుమ పట్టి నిలువునకు లేపవలెను; పలకల సందులలో వ్రేళ్లు పెట్టిన నలుగును. లోపల అడ్డుగడియ వేసియున్నచో దానిని ముందుగా తీయవలెను. తలుపు పూర్తిగా పైకి చేరి నిలిచిన పిదప కారు వెలికి తీసి, తలుపును మెల్లగా దించి, అడ్డుగడియ వేయుట మేలు, ఏలయనగా మోటారు విడిపోయిన తలుపునకు వేఱు తాళము లేదు. విద్యుత్తు వచ్చిన తరువాత గడియ తీయుట మఱచి మీట నొక్కినవారి తలుపు రేకులు వంగిపోవుట మరమ్మతుదారులకు నిత్యానుభవము. తిరిగి కలుపుటకు చాల యంత్రములలో పిడిని తలుపు దిశగా లాగి విడిచి, మోటారును నడిపించినచో ట్రాలీ తనంత తాను వచ్చి కొక్కెమును పట్టుకొనును.

తలుపు తెఱచియున్నపుడు మాత్రము తాడును ముట్టరాదు. స్ప్రింగు విరిగియున్నచో ఆ 70 కిలోలును నిలిపి పట్టుకొన్నది ఆ ట్రాలీ యొక్కటియే. తాడు లాగిన మఱుక్షణమున తలుపు గిలెటీను వలె పడును. మూసిన తలుపును ఎత్తబోగా అది కదలనంత బరువుగా తోచినను స్ప్రింగు పోయినదనియే యెఱుంగవలెను. అప్పుడు ఒంటరిగా మల్లాడక మనుషులను పిలుచుకొనుట యుక్తము. ఇక ఇంటికి వేఱే ద్వారము లేని విడిగరాజుల వారికి, లోపలి తాడు వెలుపలినుండి అందదు గనుక, తలుపు పైపలకలో చిన్న తాళమును చెక్కి, తాళపుచెవి త్రిప్పి లాగినచో లోపలి కొక్కెము విడిపోవు ఏర్పాటు కలదు. ఆ చెవిని గరాజులోపలనే భద్రపఱచు మహానుభావులును లేకపోలేదు. దొంగలకు తాళపుచెవితో పనిలేదు: తలుపు పైసందులో వంచిన తీగను దూర్చి, తాడును కొక్కెముతో లాగి, క్షణములలో లోనికి వచ్చు విద్యను వారు నేర్చిరి. దానికి బెదరి తాడును కత్తిరించివేయువారును, పైకి చుట్టి కట్టివేయువారును బయలుదేరిరి. దొంగ భయముచేత ఆపద్ధర్మమును కోసివేసికొనుట నాకు యుక్తముగా తోచదు. పిడిని తీసివేసి తాడును మాత్రము చేతికందునంత ఉంచినను దొంగ తీగకు పట్టు చిక్కుట కష్టమగునని వృత్తివారు చెప్పుదురు.

ఈ ఎఱుక లేకపోవుట ఎంతటి అనర్థమునకు దారితీయునో 2017 అక్టోబరులో తెలియవచ్చినది. ఆ నెల 8వ తేది రాత్రి ఉత్తర కాలిఫోర్నియాలో కాలిస్టోగా సమీపమున పుట్టిన దావానలము ప్రచండమైన గాలితో కొండలు దాటి, తెల్లవారక మునుపే శాంటా రోసా నగరపు ఇండ్లమీద పడినది. ఆ యొక్క అగ్నియందే 22 మంది, ఆ దినములలో చెలరేగిన తక్కిన అగ్నులతో కలిపి 40 మందికి పైగా మరణించిరి. మృతులలో పెక్కుమంది వృద్ధులు. స్తంభములు కాలి విద్యుత్తు పోయినది. నిద్రనుండి లేచి పొగలో తడుముకొనుచు కారెక్కి మీట నొక్కినవారికి తలుపు కదలలేదు. తాడు తలమీదనే యున్నను దానిని ఏమి చేయవలెనో తెలియనివారును, తెలిసియు ఎత్తుటకు సత్తువ చాలనివారును అందున్నారు. కనీసము అయిదుగురు గరాజు తలుపు తెఱచుకొనకపోవుటచేతనే తప్పించుకొనలేకపోయిరని పత్రికలు వ్రాసినవి, శాసనసభయందును ఆ మాట వచ్చినది.

ఆ జిల్లాలకు ప్రతినిధియైన సెనేటరు బిల్ డాడ్ ప్రవేశపెట్టిన 969వ బిల్లుపై గవర్నరు జెరీ బ్రౌన్ 2018 సెప్టెంబరులో సంతకము చేసెను. 2019 జులై 1 మొదలు ఆ రాష్ట్రమున తయారుచేయు, విక్రయించు, బిగించు గృహోపయోగ గరాజు యంత్రము ప్రతిదానికిని విద్యుత్తు పోయినప్పుడు పనిచేయు బ్యాటరీ ఉండవలెను. లేనియెడల యంత్రమొక్కటికి వేయి డాలర్ల జరిమానా. బ్యాటరీ లేని పాత యంత్రమునకు క్రొత్త తలుపును తగిలించుటను గూడ ఆ శాసనము నిషేధించినది. సంతకమునకును అమలునకును నడుమ, 2018 నవంబరులో, ప్యారడైస్ అను ఊరు కాలిపోయి 85 మంది మరణించిరి. అమలులోనికి వచ్చిన కొలది నెలలకే, గాలికి తీగలు తెగి అగ్ని పుట్టునను భయముతో విద్యుత్ సరఫరాదారులు తామే ముందుగా తెలియజేసి లక్షల ఇండ్లకు సరఫరా నిలుపుచేయు అలవాటు పెరిగినది.

2021 ఫిబ్రవరిలో టెక్సాసు రాష్ట్రమున హిమవాతము వచ్చి 40 లక్షలకు పైగా ఇండ్లకును దుకాణములకును విద్యుత్తు పోయినపుడు కాలిఫోర్నియా శాసనము అక్కడివారిని కాపాడునది కాదు. డల్లాసు చుట్టుపట్ల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగు పట్టణములలో తెలుగు కుటుంబములు వేలసంఖ్యలో నున్నవి. చెప్పులు విడుచుటకును బియ్యపు బస్తాలు పెట్టుటకును గరాజునే వాడుకొనుచు, వీథి తలుపును పండుగనాడు తోరణము కట్టుటకై ఉంచుకొన్న ఇండ్లవి. కరెంటు పోవుట ఈ కుటుంబముల పెద్దలకు క్రొత్త సంగతి కాదు. బజారులో షట్టరును కొక్కెపు కర్రతో లాగి దించుట, తెల్లవారి జబ్బబలముతో ఎత్తుట చూచుచు పెరిగినవారు. షట్టరు పైపెట్టెలోనిదియు ఇదే జాతి స్ప్రింగు. కాని తలమీద వ్రేలాడు ఎర్ర పిడిని అద్దెకు వచ్చిననాడు ఎవ్వరును చూపించిన పాపమున పోరు, ఇల్లు కొన్ననాడు చేతిలో పెట్టు కాగితములలో ఆ పుటను ఎవ్వరును చదువరు. బ్యాటరీ ఉన్న యంత్రములవారికిని తాడు తప్పినది కాదు: అయిదారు వత్సరములైనను నిలువని ఆ బ్యాటరీ నీరసించినపుడు కీచుమని హెచ్చరించును, ఆ కీచుధ్వనికి విసిగి కొందఱు దానిని ఊడదీసి బల్లమీద పెట్టుదురు.