వనరక్షణకు పరదేశ ధనము: ఫలమును కొలుచు తీరు

గోదావరికి ఇరుదరుల టేకు, నల్లమద్ది, ఇప్ప, తునికి చెట్లతో దట్టముగా నుండిన వనభూమి, 1960 ప్రాంతమున గోదావరిఖనిలో సింగరేణి గనులు ఆరంభమైన నాటినుండి మన కన్నులయెదుటనే రూపు మారుచు వచ్చినది. అట్టి చోట అడవికై పరదేశమునుండి వచ్చిన ధనము ఏ ఫలము నిచ్చెనని అడుగుట ఉబుసుపోక ప్రశ్న కాదు.

1980వ దశకమున కెనడా సాయముతో నాటి మన ఉమ్మడి రాష్ట్రమున సాగిన సామాజిక వనపథకమునకు పంచిన మొక్కలు, నాటిన మొక్కలు ప్రధానమైన లెక్క. మొక్క చెట్టైనదో లేదో ఆ లెక్క చెప్పజాలదు.

1990 జూన్ 1న కేంద్రము వెలువరించిన ఉత్తరువు ననుసరించి 1992లో రాష్ట్రము, ఊరివారు అటవీశాఖతో కూడి అడవిని కాచు వన సంరక్షణ సమితుల విధానమును చేపట్టగా, 1994లో ప్రపంచబ్యాంకు ఋణముతో అది ఊళ్లకు విస్తరించెను; 2002లో 10 కోట్ల 80 లక్షల డాలర్ల రెండవ ఋణము వచ్చి, 2010లో ఆ పథకము ముగిసెను. సమితులు వచ్చిన నాటినుండి వాని సంఖ్య, బాగుచేసిన హెక్టార్లు లెక్కకెక్కినవి. కాని అడవి మిగిలియున్న ఊళ్లలోనే సమితి ముందుగా ఏర్పడినయెడల, నేటి పచ్చదనము సమితి శ్రమ ఫలమో, ఆ నేలకు మునుపే గల సంపదయో తేల్చుటెట్లు? అట్టి నేలయే, అంతే జనమే కలిగి, సమితి మాత్రము లేని ఊరితో సరిపోల్చిననే గాని ఆ ముడి విడదు. సమితి పరిధిలోనికి పోడు భూమి పోగొట్టుకొన్న గిరిజన కుటుంబముల నష్టమును వ్రాయని లెక్క సగము లెక్కయే.

ఉపగ్రహ చిత్రములు ఈ కొరత తీర్చుననుకొంటిమి. కాని భారత అటవీ సర్వేక్షణ సంస్థ లెక్కలో హెక్టారు విస్తీర్ణమున 10 శాతము కొమ్మల కప్పున్నచో, జాతి యేదైనను, అది అడవి కిందనే జమ. ఓపెన్‌కాస్టు గని త్రవ్విపోసిన మట్టిగుట్టపై నీలగిరి తోపు పెరిగినను అంతే. వేసవిలో తెల్లవారకమున్నే బయలుదేరి తునికాకు కోసి, ఇంటి అరుగున కూర్చుండి యాభై ఆకుల కట్టలు కట్టి కల్లమునకు మోయు స్త్రీలకు ఆ తోపులో ఒక్క కట్టకు సరిపడు తునికాకు దొరకదు.

ప్రపంచబ్యాంకు వారి ఈ ఋణములను మనము తీర్చు గడువు 35 ఏండ్లు; టేకు పక్వమగుటకు అంతకు మించిన కాలము పట్టును. ఎనిమిదేండ్ల పథకము ముగిసిన నాడే ఫలితము వ్రాసి పుస్తకము మూయుట నాకు సమ్మతము కాదు. ప్రతి సమితి అడవిలోను కొన్ని గుర్తుకట్టిన మడులు నిలిపి, తునికి, ఇప్ప, టేకు మొలకలను ఋణము తీరువరకైనను పదేండ్లకొకమారు ఆ ఊరివారే లెక్కింపవలెను. వారికి దానికి కూలియు నీయవలెను.