రాలిన ఆకు అప్పు

మేము తమిళ బడిలో చదివినవాళ్ళం, తప్పులుంటే మన్నించండి.

1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు రైలు నడిచింది. అదే ఏడు మద్రాసు రాజధాని అడవులకు క్లెగ్‌హార్న్ దొరను అధికారిగా పెట్టారు. పట్టాల కింద స్లీపర్లకు, ఇంజన్లో కట్టెలకు చెట్లు కొట్టేస్తూ ఉంటే కాపాడే పనీ మొదలైంది. 1882లో అటవీ చట్టం వచ్చింది.

మన జవ్వాది కొండల అడవి ఎండాకాలంలో మోడుగా కనిపిస్తుంది, కానీ చావలేదు. ఆకు రాల్చి నీళ్ళు మిగుల్చుకుంటుంది. ఆ ఆకే కుళ్ళి ఎరువై చెట్టును పెంచుతుంది, వాన నీటిని నేలలోకి దింపుతుంది.

రైలు జీతం తిన్నవాళ్ళం, ఆ అడవికి మేమూ బాకీనే. కొండ కింద పొలాలున్న మనవాళ్ళు ఎండాకుకు నిప్పు పెట్టకండి.